పాత ఫోనుకు వాళ్ళు కట్టిన ధరెంత?

(మహిళల కార్యక్రమంలో ప్రసారమైన ప్రసంగ పాఠం)



మా చిన్నతనంలో మిట్టమధ్యాహ్నం వేళ, మగవాళ్ళు ఆఫీసులకీ పిల్లలు బడికీ వెళ్ళాక, నెత్తిన స్టీలు సామాన్ల గంపతో ఒకావిడ మా వీధిలోకి వచ్చేది. పాతబట్టలిస్తే స్టీలు సామాన్లిస్తానని కేక వేసేది. మా అమ్మ అరుగు మీద గంప దింపించేది. రెండు పాత చీరలూ నాన్నగారి పంట్లామూ పెడితే ఆవిడ ఒక చిన్న పళ్ళెం చూపించేది. మూతగిన్నె కావాలంటే ఇంకో రెండు చీరలు అడిగేది. బేరం గంటసేపు సాగేది. చివరికి అమ్మ గిన్నె లోపలికి తెచ్చుకుని మురిసిపోతూ వుంటే, మా నాయనమ్మ ఒకే ఒక్క మాట అడిగేది: "ఇంతకీ ఆ చీరలు ఎంతకి అమ్మినట్టే అమ్మాయ్?"

అమ్మ దగ్గర జవాబు వుండేది కాదు. డబ్బు చేతులు మారితే కదా తెలిసేది! ధర మాటే రాని బేరంలో మనం లాభపడ్డామో నష్టపడ్డామో ఎలా తేల్చుకుంటాం?

నేనీవేళ మాట్లాడబోయేది స్టీలు సామాన్ల గురించి కాదు, సెల్‌ఫోన్ల గురించి. అమెరికాలో ఫోను కంపెనీలు ఒక పథకం పెట్టాయి. ఫోను వాయిదాల మీద ఇస్తారు. వాయిదాలన్నీ తీరకముందే, కొంత భాగం కట్టగానే, పాత ఫోను వాళ్ళకి ఇచ్చేసి కొత్తది తెచ్చుకోవచ్చు. మిగిలిన బాకీ మాఫీ. ఈ సదుపాయానికి కొన్ని కంపెనీలు నెలనెలా కొంత రుసుము తీసుకుంటాయి. దీన్నే ముందస్తు అప్‌గ్రేడు అంటున్నారు. మనలో చాలామందికి అక్కడ కూతుళ్ళో, కొడుకులో, తోబుట్టువులో వున్నారు. "అమ్మా, కొత్త ఫోను తీసుకున్నా" అని వాళ్ళు చెబితే సంతోషిస్తాం. ఆ బేరం మంచిదా కాదా అన్నది మనకి తెలియదు, నిజం చెప్పాలంటే చాలాసార్లు వాళ్ళకీ తెలియదు.

నాకెలా తెలిసిందో చెబుతాను. 2022 వేసవిలో మా చెల్లాయికి రెండో కాన్పుకని టెక్సాస్ రాష్ట్రంలో డాలస్ దగ్గరకి వెళ్ళాను. ఒక సాయంత్రం చెల్లాయి తన ఫోనుని చిన్న అట్టపెట్టెలో పెట్టి అతికిస్తోంది. ఫోను నిగనిగలాడుతోంది, ఒక్క గీత లేదు.

"ఏమే, పాడైందా?" అన్నాను.

"లేదక్కా, ఏడాదైంది. కొత్తది వచ్చిందిగా, దీన్ని కంపెనీకి పంపేయాలి. మీ మరిదిగారిది నిన్ననే పంపేశాం."

"బాగున్న ఫోను ఎందుకు మార్చడం?"

"దీనికోసం నెలకి పది డాలర్లు కడుతున్నాం కదక్కా. మార్చకపోతే ఆ పది డాలర్లూ దండగే."

ఈ మాట నా మనసులో ముల్లులా నాటుకుపోయింది. ఎందుకో తరవాత చెబుతాను.

ఆ రాత్రే అమ్మ వీడియోలో మాట్లాడింది. పసిదాన్ని చూసి మురిసిపోయి, "ఎప్పుడు తీసుకొస్తావే?" అంది. చెల్లాయి ఇంటికి వచ్చి అప్పటికి నాలుగేళ్ళయింది. "టిక్కెట్లు మండిపోతున్నాయమ్మా, చూద్దాం" అంది. ఆ రోజుల్లో వాళ్ళు చూసిన ధర మనిషికి రానూపోనూ 1,300 డాలర్లు. అమ్మ ఇంకేమీ అనలేదు. ఫోను పెట్టేశాక చెల్లాయి చాలాసేపు మాట్లాడలేదు.

నేను పదో తరగతితో చదువు ఆపిన దాన్ని. కాని ఇరవై యేళ్ళుగా ఇంటి పద్దు పుస్తకం నా చేతిలోనే వుంది. మర్నాడు భోజనాలయ్యాక, "మీ ఫోను బిల్లు ఒకసారి చూపించండి" అని అడిగాను. మా మరిదిగారు ఇంజనీరు. నవ్వుతూ తెచ్చి బల్ల మీద పెట్టారు.

లెక్క ఇది. ఫోను ధర 720 డాలర్లు. 24 వాయిదాలు, నెలకు 30. పథకం రుసుము విడిగా నెలకు 10. సగం బాకీ తీరగానే, అంటే 12 నెలలకి, ఫోను ఇచ్చేసి కొత్తది తీసుకోవచ్చు. ఏడాదిలో కట్టింది వాయిదాల కింద 360, రుసుము కింద 120, వెరసి 480.

"480 డాలర్లు కట్టి ఫోను కూడా ఇచ్చేశారా! అంతా గంగపాలు!" అన్నాను.

మరిదిగారు నెమ్మదిగా, "వదినగారూ, ఏడాదిపాటు వాడుకున్నాం కదా. పైగా 360 డాలర్ల బాకీ మాఫీ అయింది. అది మీ పద్దులో ఎక్కడ రాశారు?" అన్నారు.

నిజమే, నేను రాయలేదు. జమ రాయకుండా ఖర్చు మాత్రం రాస్తే అది పద్దు కాదు. కొట్టేసి మళ్ళీ రాశాను. ఫోను ఇచ్చినందుకు వీళ్ళకి ముట్టింది ఏమిటి? 360 డాలర్ల మాఫీ. ఆ మాఫీ కోసం వీళ్ళు చెల్లించింది ఏమిటి? 120 డాలర్ల రుసుము. 360లోంచి 120 తీసేస్తే 240. అంటే ఏడాది వాడిన ఫోనుని కంపెనీ వీళ్ళ దగ్గర 240 డాలర్లకి కొన్నట్టు.

అప్పుడు మా నాయనమ్మ అడిగిన ప్రశ్నకి జవాబు దొరికింది!

"మరి ఇదే ఫోను బయట ఎంతకి కొంటారు?" అని అడిగాను. మరిదిగారు చూసి, పాత ఫోన్లు కొనే దుకాణంలో 350 ఇస్తున్నారన్నారు. అంటే ఫోనుకి 110 డాలర్ల చొప్పున రెండు ఫోన్లకీ కలిపి ఏడాదికి 220 డాలర్లు తక్కువకి ఇచ్చేశారన్నమాట.

"పాతది అమ్ముకోవడం అంత సులువు కాదు వదినగారూ. ఎవరో కొత్తమనిషితో బేరం, డబ్బు చేతికొచ్చేదాకా బెంగ. ఆ శ్రమ లేకుండా పోయినందుకు 110 ఇచ్చామనుకోండి" అన్నారాయన. ఆ మాటలో న్యాయం వుంది. సౌకర్యానికి డబ్బివ్వడం తప్పు కాదు. మనం మాత్రం ఇంట్లో పిండి రుబ్బుకునే వీలున్నా బయట కొని తెచ్చుకోవడం లేదా? కాని ఎంత ఇస్తున్నామో తెలిసి ఇవ్వాలి. వాళ్ళకి ఆ రోజుదాకా ఈ 110 సంగతి తెలియదు.

అసలీ పథకాలు ఎలా వచ్చాయో కొంచెం చెబితే మీకు విషయం తేటపడుతుంది.

వెనకటి రోజుల్లో అమెరికాలో ఫోను కొనే పద్ధతి వేరు. 649 డాలర్ల ఫోనుని 199కే చేతిలో పెట్టేవారు. ప్రతిగా రెండేళ్ళపాటు ఆ కంపెనీనే అంటిపెట్టుకుని వుంటామని ఒప్పందం రాయించుకునేవారు. మధ్యలో వదిలేస్తే జరిమానా. ఒక్కొక్కచోట 350 డాలర్లదాకా వుండేది. తగ్గించిన 450 ఊరికే ఇచ్చారనుకోకండి. నెలనెలా వచ్చే బిల్లులోనే అది కలిసి వుండేది.

2013 మార్చిలో టీ మొబైల్ కంపెనీ ఈ ఒప్పందాలు తీసేసి, ఫోను డబ్బు వేరు, మాటల డబ్బు వేరు అని విడదీసింది. అదే సంవత్సరం జూలై 10న జంప్ అనే పథకం ప్రకటించింది. ఫోనుకి నెలకు 10 డాలర్లు కడితే, చేరిన ఆరు నెలల తరవాత ఏడాదికి రెండుసార్లు ఫోను మార్చుకోవచ్చు. ఆ పదిలోనే ఫోనుకి బీమా కూడా. జూలై 16న ఏటీ అండ్ టీ కంపెనీ నెక్స్ట్ అనే పథకం, జూలై 18న వెరిజాన్ కంపెనీ ఎడ్జ్ అనే పథకం ప్రకటించాయి. పదిరోజులు తిరక్కుండా మూడు పెద్ద కంపెనీలూ ఒకే పాట అందుకున్నాయి.

ఇందులో నెక్స్ట్ సంగతి చూడండి. రుసుము లేదు, ముందుగా కట్టేది లేదు. 20 వాయిదాలు, 12 కట్టాక ఫోను మార్చుకోవచ్చు. గాలక్సీ ఎస్ 4 అనే ఫోను నెలకు 32 డాలర్లు. వినడానికి ఎంత బాగుందో! కాని పాత పద్ధతిలో ఫోను తగ్గింపు డబ్బు నెలబిల్లులో కలిసి వుండేదని చెప్పాను కదా, ఆ బిల్లు మాత్రం మొదట్లో తగ్గించలేదు. అంటే ఫోనుకి వాయిదా ఒకవైపు, పాత తగ్గింపు తాలూకు డబ్బు ఇంకోవైపు, రెండూ కట్టినట్టే. ఆ సంవత్సరం డిసెంబరులో గాని, ఇలా ఫోను కొన్నవాళ్ళకి నెలకు 15 డాలర్లు తగ్గించే కొత్త ప్లాన్లు ఆ కంపెనీ పెట్టలేదు. ప్రకటనలో "రుసుము లేదు" అని వుంటే సంతోషించండి, కాని బిల్లు మొత్తం మీద కూడా ఓ కన్నెయ్యండి.

2015 సెప్టెంబరులో ఆపిల్ కంపెనీ తానే ఒక పథకం పెట్టింది. 24 వాయిదాలు, 12 కట్టాక మార్పు. అప్పటి కొత్త ఫోనుకి నెలకు 32 డాలర్ల 41 సెంట్లు. అందులోనే రెండేళ్ళ మరమ్మతు పూచీ కూడా కలిపి వుంది. 2024 జూలైలో ఏటీ అండ్ టీ మళ్ళీ ఇంకోటి తెచ్చింది. నెలకు 10 డాలర్ల రుసుము, 36 వాయిదాలు. మూడోవంతు బాకీ తీరితే చాలు, ఫోను మార్చుకోవచ్చు.

మా చెల్లాయి లెక్కలోని 720 డాలర్ల ఫోనుకే ఈ చివరి పద్ధతి అన్వయించి చూద్దాం. నెలకు 20 చొప్పున 36 వాయిదాలు. 12 నెలల్లో 240 కట్టాం, అంటే మూడోవంతు. మాఫీ అయ్యేది 480. రుసుము 120 తీసేస్తే 360. అంటే ఇక్కడ కంపెనీ ఏడాది వాడిన ఫోనుని సగం ధరకి కొన్నట్టు. చెల్లాయి పథకంలో 240, ఇక్కడ 360. బయట దుకాణంవాడు ఇచ్చే 350 కన్నా పది ఎక్కువే! అందుకని ఈ పథకాలన్నీ మోసమని నేననను. ఒకటి మంచి బేరం, ఒకటి చెడ్డ బేరం. రెండింట్లోనూ రుసుము అదే పది డాలర్లు. పది డాలర్లని చూసి మంచిచెడ్డలు చెప్పలేం, మాఫీ ఎంతో చూసి చెప్పాలి.

బీమా కలిసి వుంటే లెక్క ఇంకో తీరుగా వుంటుంది. మీ వాళ్ళు ఎలాగూ ఫోనుకి విడిగా నెలకు 8 డాలర్లు బీమా కట్టేవాళ్ళయితే, పది డాలర్ల పథకంలో అదీ కలిసి వస్తే, మార్పిడికి పడ్డది రెండు డాలర్లే. బీమా ఎన్నడూ కట్టని మనిషికి అది మొత్తం పదీ పడినట్టే. కనుక ఒకరికి లాభమైంది పక్కింటావిడకి లాభం కాకపోవచ్చు.

ఇక ఇందాక ముల్లు అన్నాను చూడండి, ఆ సంగతికి వస్తాను.

"మార్చకపోతే పది డాలర్లూ దండగే" అంది మా చెల్లాయి. ఈ పథకాల్లో అసలు చిక్కు ఇదే. నెలనెలా రుసుము కట్టామంటే, మార్చుకునే హక్కుని ముందే కొనేసుకున్నాం. కొనుక్కున్న హక్కుని వాడుకోకపోతే మనసొప్పదు. అందుకని ఫోను బాగున్నా మారుస్తాం. పది డాలర్లు దండగ కాకూడదని మూడువందల డాలర్ల ఖర్చు నెత్తికెత్తుకుంటాం. పెళ్ళిలో చదివింపులు చదివించాం కదా అని అరగనిదాకా తిన్నట్టు!

ఎంత ఖర్చో చూడండి. ఆ రాత్రి ముగ్గురం కూర్చుని నాలుగేళ్ళ లెక్క కట్టాం. ఏడాదికోసారి మారిస్తే ఫోనుకి ఏటా 480, నాలుగేళ్ళకి 1,920, రెండు ఫోన్లకీ 3,840. అవే ఫోన్లు కొని నాలుగేళ్ళు వాడుకుంటే రెంటికీ 1,440. తేడా 2,400 డాలర్లు.

పన్ను కూడా వుంది. వాళ్ళుండే చోట అమ్మకంపన్ను నూటికి ఎనిమిదింబావు, 8.25. ఫోను వాయిదాల మీద తీసుకున్నా పన్ను మాత్రం పూర్తి ధర మీద మొదటిరోజే కట్టాలి. 720 డాలర్ల ఫోనుకి అది 59 డాలర్ల 40 సెంట్లు. పాత ఫోను ఇచ్చేసినా, అప్పుడు కట్టిన పన్ను వెనక్కి రాదు. పాత గొలుసు మార్చిన ప్రతిసారీ తరుగూ మజూరీ మళ్ళీ కొత్తగా కట్టినట్టే ఇదీ. నాలుగేళ్ళలో రెండు ఫోన్లకి బదులు ఎనిమిది ఫోన్లు కొంటే, ఆరు ఫోన్ల పన్ను అదనం: 356 డాలర్ల 40 సెంట్లు. కలిపితే తేడా 2,756 దాటింది.

నేను నా పక్షాన్నే రాసుకుంటున్నానని మరిదిగారు అనకుండా, నాలుగేళ్ళు వాడాలంటే మధ్యలో బ్యాటరీ మార్పించాలి కదా అని ఫోనుకి 80 డాలర్లు చొప్పున 160 తీసేశాను. మిగిలింది 2,596.

చెల్లాయి ఆ అంకె వంక చూస్తూ వుండిపోయింది. 1,300 చొప్పున రెండు టిక్కెట్లు 2,600. దానికీ పెద్దవాడికీ రానూపోనూ. రెండేళ్ళు నిండని పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకుంటే పూర్తి టిక్కెట్టు అక్కర్లేదు. నాలుగు డాలర్లు మాత్రం తక్కువ!

"అక్కా, మేం టిక్కెట్టు డబ్బుల్ని నెలకి ఇంతని ఫోను కంపెనీకి కట్టేస్తున్నామన్నమాట" అంది.

అమ్మని చూడాలని దానికి లేక కాదు. టిక్కెట్టు 2,600 ఒక్కసారి కళ్ళెదుట నిలబడి భయపెడుతుంది. వాయిదా నెలకు ముప్పైగా, రుసుము పదిగా, చడీచప్పుడు లేకుండా వెళ్ళిపోతుంది. పెద్ద ఖర్చుని చూసి వెనకడుగు వేస్తాం, చిన్న ఖర్చుని చూడనే చూడం. ఇది అమెరికాలోనే కాదు, మన ఇళ్ళల్లోనూ వున్న జబ్బే.

అయితే ఈ పథకం ఎవరికీ పనికిరాదా? పనికొస్తుంది. పథకం వున్నా లేకపోయినా ఏడాదికోసారి తప్పకుండా ఫోను మార్చేవాళ్ళు కొందరుంటారు. ఫోనుతోనే ఫొటోలు తీసి వ్యాపారం నడుపుకునేవాళ్ళకి కొత్త కెమెరా పనిముట్టు లాంటిది. అలాంటివాళ్ళకి మాఫీలోంచి రుసుము పోగా వచ్చే ధర బయటి ధరకి దగ్గరగా వుంటే, అమ్ముకునే బాధ లేకుండా పోతుంది కనుక పథకం మేలే. తక్కినవాళ్ళు ఒక్కమాట ఆలోచించాలి: "ఈ పథకమే లేకపోతే ఈ సంవత్సరం నేను ఫోను మారుద్దునా?" లేదనిపిస్తే, పథకం ఎంత చవకైనా మనకి దండగే.

అలాగని ఫోను ముక్కలయ్యేదాకా వాడమని కూడా అనను. పాతబడిన ఫోనుకి కంపెనీవాళ్ళు భద్రత కోసం పంపే మార్పులు ఏదో ఒకనాడు ఆగిపోతాయి. బ్యాంకు పనులు ఫోనులోనే చేసుకుంటున్న ఈ రోజుల్లో అది ఆగాక మార్చుకోవడమే క్షేమం. కాని ఆ గడువు ఇప్పుడు పెరిగింది. 2023 అక్టోబరులో గూగుల్ తన పిక్సెల్ 8 ఫోనుకీ, 2024 జనవరిలో శాంసంగ్ తన గాలక్సీ ఎస్ 24 ఫోనుకీ ఏడేళ్ళపాటు మార్పులు పంపుతామని మాట ఇచ్చాయి. ఏడేళ్ళు బతికే వస్తువుని ఏడాదికే సాగనంపడం ఎందుకు?

ఇప్పుడొక కాగితం, పెన్సిలు తీసుకోండి. మీ అమ్మాయో అబ్బాయో అక్కడ ఇలాంటి పథకంలో చేరబోతుంటే అడగవలసిన ప్రశ్నలు చెబుతాను.

మొదటిది: ఎంత భాగం కడితే ఫోను మార్చనిస్తారు? మిగిలిన బాకీ పూర్తిగా మాఫీయేనా? ఆ మాఫీలోంచి అప్పటిదాకా కట్టిన రుసుమంతా తీసేయండి. వచ్చిందే మీ పాత ఫోనుకి వాళ్ళు కట్టిన ధర. బయటి ధరతో పోల్చి చూడండి.

రెండోది: రుసుములో బీమా కలిసి వుందా, లేదా? కలిసి వుంటే, ఆ బీమా మీరు ఎలాగూ తీసుకునేవారేనా?

మూడోది: ఫోను ఏ స్థితిలో వుంటే తీసుకుంటారు? అద్దం పగిలినా, సరిగా పనిచేయకపోయినా ఒప్పుకోరు, లేదా అదనంగా డబ్బడుగుతారు. పసిపిల్లలున్న ఇంట్లో ఏడాదిపాటు ఫోను పగలకుండా వుంటుందన్న నమ్మకం ఎంతో మీకే తెలుసు.

నాలుగోది: ఫోను "ఉచితం" అని వుందా? అలాంటిచోట జాగ్రత్త. చాలా కంపెనీలు ఫోను ధరని ఒక్కసారి తగ్గించవు. 36 నెలల పాటు బిల్లులో కొంచెం కొంచెంగా జమ చేస్తూ వస్తాయి. మధ్యలో కంపెనీ మారినా, ఫోను ముందుగా మార్చినా, మిగిలిన జమలు ఆగిపోతాయి. ఉచితం, ముందస్తు మార్పిడి అనే రెండూ ఒకే ఒరలో ఇమడవు.

అయిదోది పంపేటప్పటి జాగ్రత్త. ఫొటోలన్నీ వేరే చోట దాచుకుని, ఫోనులోని ఖాతాలు తీసేసి, తాళాలు విప్పి, అంతా చెరిపేసి ఇవ్వాలి. పెట్టెలో పెట్టేముందు ఫోనుకి నాలుగువైపులా ఫొటో తీయమనండి. పంపిన రసీదు కొత్త బిల్లులో మాఫీ కనబడేదాకా దాచమనండి.

మన దేశంలో ఈ గొడవ తక్కువ. ఇక్కడ ఎక్కువమందికి ఫోను ఒకచోట కొనడం, సిమ్ముకి ముందుగా రీఛార్జి చేయించుకోవడం అలవాటు. ఫోను కంపెనీకి బాకీ పడే పని లేదు. అయినా ఇలాంటివి మనకీ రాకపోలేదు. 2017 సెప్టెంబరులో ఐఫోన్ 8 వచ్చినప్పుడు, ఏడాది తరవాత ఫోను తిరిగిస్తే ధరలో నూటికి 70 వంతులు వెనక్కి ఇస్తామని జియో ప్రకటించింది. 64,000 రూపాయల ఫోనుకి అది 44,800. అయితే ఆ ఏడాదంతా నెలకు 799 రూపాయల రీఛార్జి చేయించాలన్నది షరతు. అంత రీఛార్జి అవసరమైనవాళ్ళకి 44,800 నిజంగానే మంచి ధర. నెలకు 299 రూపాయలతో సరిపోయే ఇల్లాలికి మాత్రం ఏడాదికి 6,000 అదనపు ఖర్చు. అంటే ఆవిడకి ముట్టేది 38,800 కింద లెక్క. చూశారా, డాలర్లయినా రూపాయలయినా ప్రశ్న ఒక్కటే. షరతులన్నీ తీసేశాక పాతదానికి నాకు ముట్టింది ఎంత?

రేపు మీరు ఫోనొక్కటే కాదు, టీవీ, ఫ్రిజ్, కుక్కరు ఏది "పాతదిచ్చి కొత్తది తీసుకోండి" అన్నా, దుకాణంలో ముందు ఒకమాట అడగండి: "పాతది ఇవ్వకపోతే కొత్తదాని ధర ఎంత?" ఆ రెండు ధరలకీ వున్న తేడాయే మీ పాతదాని ఖరీదు. అడగడానికి మొహమాటపడకండి.

మా చెల్లాయి కథ ఎంతవరకూ వచ్చిందంటారా? కొత్త ఫోన్లు అప్పటికే వచ్చేశాయి కనుక వాటి వాయిదాలు మామూలుగా కట్టారు. పథకం మాత్రం ఆ వారమే రద్దు చేసుకున్నారు. వాయిదాలు 2024 వేసవికి తీరిపోయి, రుసుముతో కలిపి నెలకు 80 డాలర్లు బిల్లు తగ్గుతుందని తేలాక, ఆ ధైర్యంతో డబ్బు చేతికి రాకముందే మరిదిగారు టిక్కెట్లు కొనేశారు. చెల్లాయి 2024 సంక్రాంతికి పిల్లలిద్దర్నీ తీసుకుని వచ్చింది. ఫోనుకి ఒక మూల గీత పడివుంది. పసిది విసిరేసిందట.

అమ్మ ఆ ఫోను చేతిలోకి తీసుకుని, పిల్ల పుట్టిన దగ్గర్నుంచీ తీసిన ఫొటోలన్నీ ఒక్కొక్కటీ చూసింది. పసిది ఆవిడ ఒళ్ళోనే వుంది. మధ్యమధ్య ఫొటో వంకా, పిల్ల వంకా చూస్తూ, "ఫొటోలో ఇంత నలుపు కాదే ఇది!" అని నవ్వింది. కెమెరా పాతది కదమ్మా అన్నాను నేను. చెల్లాయి నా వంక చూసి నవ్వింది.